కరువును కరువన్న దొర

సి.పి. బ్రౌన్ అనగానే వేమన పద్యాలు, లావుపాటి నిఘంటువు గుర్తొస్తాయి. స్కూల్లో మనకు చెప్పింది కూడా అంతవరకే. కానీ ఆయన జీవితంలో ఒకే ఒక్క ఇంగ్లీషు మాట చుట్టూ నడిచిన ఘట్టం ఒకటుంది. నా లెక్కలో ఆయన్ని అర్థం చేసుకోవాలంటే అక్కడికే వెళ్లాలి.

చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1798 నవంబర్ 10న కలకత్తాలో పుట్టారు. 1812లో తండ్రి పోయాక కుటుంబం ఇంగ్లండ్ వెళ్లింది. హేలీబరీ కాలేజీలో చదివి, 1817లో కంపెనీ ఉద్యోగిగా మద్రాసులో దిగారు. ఉద్యోగం కోసం మొదలుపెట్టిన తెలుగు (మనం సిలబస్ కోసం మొదలుపెట్టినట్టే అనుకోండి) ఆయన్ని ఇక వదల్లేదు. 1820లో కడప, తర్వాత మచిలీపట్నం, రాజమండ్రి. 1829లో వేమన పద్యాలు అచ్చువేశారు. కడప బంగళాలో పండితులకు జీతాలిచ్చి, తాళపత్రాలు పక్కపక్కన పెట్టించి శుద్ధప్రతులు రాయించారు. అందుకోసం అప్పులు కూడా చేశారు.

1832–33, నందన నామ సంవత్సరం. బ్రౌన్ అప్పుడు గుంటూరులో ఉన్నారు. వానల్లేవు, గింజల్లేవు. జనం దాన్ని డొక్కల కరువన్నారు. ఐదు లక్షల మంది ఉన్న జిల్లాలో దాదాపు రెండు లక్షల మంది పోయారని లెక్క. అప్పటి దొరల కాగితాల్లో మాత్రం దీనికి వాడుకలో ఉన్న మాట స్కేర్సిటీ, అంటే కొరత. బ్రౌన్ ఆ మాట వాడలేదు. ఫామిన్ అని రాశారు.

తేడా ఏముందిలే అనిపిస్తుంది. నాగోల్ మెట్రోలో నిలబడి జీఆర్ఈ పదాల జాబితా బట్టీపట్టేటప్పుడు ఈ రెండూ పక్కపక్కనే వస్తాయి, దగ్గరి అర్థాలని టిక్కు పెట్టేస్తాం. కానీ కొరత అంటే సర్దుకోవచ్చు, శిస్తు వసూలు సాగించొచ్చు. కరువు అంటే గంజి కేంద్రం పెట్టాలి, శిస్తు మాఫీ చేయాలి.

ఇంకో విశేషం చూడండి. ఇంగ్లీషుకు పుట్టుకతో ఉన్న మాట హంగర్. ఫామిన్, స్కేర్సిటీ రెండూ 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక ఫ్రెంచి దారిలో వచ్చి చేరినవి. తెలుగులోనూ అంతే: కరువు మనది, క్షామం సంస్కృతం నుంచి వచ్చింది. ఏలినవాళ్ల భాష ఏ భాషలోనైనా ఇలాగే పేరుకుంటుంది. మన కచేరీ, జవాబు, దస్తావేజు కూడా అలా వచ్చినవే. బ్రౌన్‌కి ఇది బాగా తెలుసు. తెలుగులో కలిసిపోయిన ఇలాంటి పరాయి మాటలకు 1854లో ప్రత్యేకంగా మిశ్రభాషా నిఘంటువే వేశారు.

మధ్యలో 1834లో ఇంగ్లండ్ వెళ్లారు. లండన్‌లో మూలనపడి ఉన్న దక్షిణాది రాతప్రతులు వెతికి మద్రాసుకు పంపించే ఏర్పాటు చేశారు. 1837లో పర్షియన్ అనువాదకుడిగా తిరిగొచ్చారు. పెద్ద నిఘంటువులు 1850ల్లో వెలువడ్డాయి. కావ్యాల్లోని మాటలతోపాటు జనం నోట్లోని మాటల్నీ వాటిలోకి ఎక్కించడం నాకు అన్నిటికంటే నచ్చిన సంగతి. 1855లో ఉద్యోగం మానేసి వెళ్లిపోయారు. పదేళ్ల తర్వాత లండన్ విశ్వవిద్యాలయంలో తెలుగు ఆచార్యులయ్యారు.

1884 డిసెంబర్ 12న లండన్‌లో కన్నుమూశారు. ఇంగ్లీషు మాటల చరిత్రంతా రాసిపెట్టిన ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు మొదటి భాగం వచ్చింది కూడా ఆ ఏడాదే. అందులో ఉన్నది ఎ అక్షరంలో కొంత భాగమే. ఫామిన్ అన్న మాట దాకా రావడానికి 1890లు పట్టింది.