జోసెఫ్ పిలాటిస్

జోసెఫ్ హ్యుబెర్టస్ పిలాటిస్ (డిసెంబరు 9, 1883 - అక్టోబరు 9, 1967) జర్మనీలో జన్మించి అమెరికాలో స్థిరపడిన వ్యాయామ శిక్షకుడు. నేడు పిలాటిస్ అనే పేరుతో అనేక దేశాలలో ఆచరణలో ఉన్న వ్యాయామ పద్ధతికి ఈయనే ఆద్యుడు. శరీరాన్ని సాగదీయడం, బలపరచడం రెండు వేరు పనులు కావనీ, ఒకే కదలికలో రెండూ సాధించవచ్చుననీ, ఆ కదలికకు మూలం నడిమి భాగపు కండరాలలో ఉన్నదనీ ఈయన బోధించాడు.

బాల్యం

పిలాటిస్ జర్మనీలోని మొన్‌షెన్‌గ్లాడ్‌బాఖ్ పట్టణంలో జన్మించాడు. బాల్యంలో ఉబ్బసం, రికెట్స్, కీళ్ళవాత జ్వరాలతో బాధపడ్డాడు. తండ్రికి జిమ్నాస్టిక్స్‌లో ప్రవేశం ఉండేది. బలహీనతను జయించాలన్న పట్టుదలతో ఈ బాలుడు కూడా జిమ్నాస్టిక్స్, ఈత, ముష్టియుద్ధం వంటివి అభ్యసించి దృఢకాయుడయ్యాడు.

నిర్బంధ శిబిరం

1912 ప్రాంతంలో ఇంగ్లండుకు వెళ్ళాడు. 1914లో మొదటి ప్రపంచయుద్ధం మొదలు కాగానే అక్కడి జర్మన్ పౌరులను శత్రుదేశీయులుగా పరిగణించి నిర్బంధించారు. పిలాటిస్‌ను మొదట లాంకాస్టర్‌లోనూ, తరువాత మాన్ ద్వీపంలోని నొకాలో శిబిరంలోనూ ఉంచారు. అక్కడ తోటి ఖైదీలకు నేలమీద చేసే వ్యాయామాలు నేర్పాడు. మంచం పట్టిన రోగులు పడుకొనే కాళ్ళూ చేతులూ ఆడించడానికి వీలుగా మంచాలకు స్ప్రింగులు అమర్చాడని చెబుతారు. 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజాలో ఈయన శిష్యులెవరూ మరణించలేదన్న కథ ప్రచారంలో ఉన్నది గాని, దానికి తగిన ఆధారాలు లేవు.

న్యూయార్క్‌లో

యుద్ధానంతరం జర్మనీకి తిరిగివెళ్ళి, 1926లో అమెరికా చేరాడు. న్యూయార్క్‌లోని ఎయిత్ ఎవెన్యూలో క్లారాతో కలిసి వ్యాయామశాల నెలకొల్పాడు. చుట్టుపక్కల నృత్యశాలలు ఉండటం ఈయనకు కలిసివచ్చింది. గాయపడిన నర్తకులు కోలుకోవడానికి ఇక్కడికి వచ్చేవారు. జార్జ్ బాలన్‌షిన్, మార్తా గ్రాహమ్ వంటి ప్రముఖులు ఈ పద్ధతిని ఆదరించారు. 1934లో యువర్ హెల్త్, 1945లో రిటర్న్ టు లైఫ్ త్రూ కంట్రాలజీ అనే పుస్తకాలు వెలువరించాడు. తన పద్ధతికి ఈయన పెట్టుకున్న పేరు కంట్రాలజీయే.

వ్యాయామ పద్ధతి

1945 నాటి పుస్తకంలో 34 వ్యాయామాలు ఉన్నాయి. మొదటిది హండ్రెడ్. వెల్లకిలా పడుకొని, తలను, కాళ్ళను కొద్దిగా పైకెత్తి ఉంచి, చేతులను నూరుసార్లు పైకీ కిందికీ ఆడిస్తారు. ఐదు లెక్కలకు శ్వాస పీల్చడం, ఐదింటికి విడవడం. చూడటానికి ఇది చేతుల వ్యాయామమే గాని, అసలు శ్రమ పొట్ట కండరాలది. ఈ పద్ధతిలో టీజర్ అనేది నౌకాసనాన్ని, రోల్ ఓవర్ హలాసనాన్ని తలపిస్తాయి. అయితే ఆసనంలో స్థిరంగా నిలుస్తాము. ఇక్కడ ఒక కదలిక ముగియకముందే మరొకటి అందుకుంటుంది.

రిఫార్మర్ అనే పరికరం ఈ సిద్ధాంతాన్ని స్పష్టంగా చూపుతుంది. ఇది చట్రంపై ముందుకూ వెనుకకూ జరిగే బల్ల. స్ప్రింగులు దానిని పట్టి ఉంచుతాయి. కాళ్ళతో తోసినకొద్దీ స్ప్రింగు సాగి ప్రతిఘటన పెరుగుతుంది. తిరిగి వచ్చేటప్పుడు బల్ల దడాలున వెనక్కు పోకుండా అదే కండరం బరువు మోస్తూనే మెల్లగా సాగాలి. ఇలా భారంతో సాగినప్పుడు కండరం బలంతోపాటు సాగే గుణాన్నీ పెంచుకుంటుందని తరువాతి పరిశోధనలు తెలిపాయి. కేవలం సాగదీసి ఉంచే వ్యాయామం వల్ల తొలి వారాలలో కలిగే లాభం చాలావరకు నాడీమండలం ఆ లాగుడును ఓర్చుకోవడం నేర్చినందువల్లనే. కండరం పొడవు పెరిగినందువల్ల కాదు.

శాస్త్ర పరిశీలన

చేయి ఎత్తబోయే క్షణానికి ముందే పొట్టచుట్టూ పట్టీలా ఉండే లోపలి కండరం బిగుసుకుంటుందనీ, నడుమునొప్పి ఉన్నవారిలో ఈ బిగింపు ఆలస్యమవుతుందనీ 1996లో హాడ్జెస్, రిచర్డ్‌సన్ అనే పరిశోధకులు ప్రకటించారు. మొండెం నిలకడగా ఉంటే కాళ్ళలో పుట్టిన బలం చేతులకు అందుతుంది. ఊగిసలాడితే కొంత వృథా అవుతుంది. పిలాటిస్ అనుభవంతో ఊహించినదానికి ఇది బలం చేకూర్చింది. కాని ఆయన తన పద్ధతి సకల రుగ్మతలకూ మందు అన్నంత దూరం వెళ్ళాడు. అది అతిశయోక్తి. నడుమునొప్పిపై 2015 నాటి కాక్రేన్ సమీక్ష ప్రకారం, నామమాత్రపు చికిత్సకన్నా ఈ వ్యాయామాలు మెరుగు కావచ్చు. ఇతర వ్యాయామాలకన్నా గొప్పవని నిర్ధారణ కాలేదు.

చివరి రోజులు

వైద్యలోకం తన పద్ధతిని గుర్తించాలన్న పిలాటిస్ కోరిక జీవితకాలంలో నెరవేరలేదు. వృద్ధాప్యంలోనూ మంచులో లాగుతో నిలబడి ఫొటోలు తీయించుకున్న ఈయనకు చుట్టలు కాల్చే అలవాటు ఉండేది. శ్వాసకు అంత ప్రాధాన్యమిచ్చిన మనిషి ఎంఫిసీమా అనే ఊపిరితిత్తుల వ్యాధితో, 83వ యేట న్యూయార్క్‌లో మరణించాడు. ఆ తరువాత క్లారా, ఆమె పిమ్మట శిష్యురాలు రోమనా క్రిజనోవ్‌స్కా శిక్షణను కొనసాగించారు. పిలాటిస్ అనే పేరు వ్యాపారచిహ్నం కాదనీ, అది యోగా, కరాటే వలె ఒక వ్యాయామ పద్ధతికి సాధారణ నామమనీ అమెరికా న్యాయస్థానం 2000 అక్టోబరులో తీర్పు చెప్పింది.