గుంటూరు డాక్టరు సిస్టర్ – ఆఖరి రోజుల సేవ



హైదరాబాదు పెద్దాసుపత్రి వారు కాన్సరు రోగిని ఇక ఇంటికి తీసుకుపొమ్మని పంపినప్పుడు ఆ ఇంట్లో ఏం జరుగుతుందో మీకు తెలియనిది కాదు. సిరిసిల్లలో సాంచాల చప్పుడు నడుమ ఉన్న ఇల్లయినా, కోరుట్ల, జగిత్యాలలో బీడీలు చేసుకొని బతికే ఇల్లయినా, వేములవాడ రాజన్నకు కోడె మొక్కుకున్న ఇల్లయినా, సాయంకాలం జపమాల చెప్పుకొనే ఇల్లయినా తీరు ఒక్కటే. జబ్బు నయం కాదన్నారు గనుక చేయవలసినది ఏమీ లేదనుకుంటారు. చుట్టాలు వచ్చి చూసి పోతారు. రోగి మాత్రం నొప్పితో తెల్లవార్లూ మేలుకొని ఉంటాడు.

నయం కాని జబ్బుకు సైతం చేయవలసిన చికిత్స ఉంది. దానిని ఉపశమన చికిత్స, ఇంగ్లీషులో పాలియేటివ్ కేర్ అంటారు. అది మన దాకా రావడానికి బాట వేసిన వారిలో ఒకరు గుంటూరులో మూడున్నర దశాబ్దాలకు పైగా సేవ చేసిన డాక్టరు కన్యస్త్రీ. ఆమె జీవితాన్ని ఈ వారం మీ ముందుంచుతున్నాను.

మేరీ గ్లౌరీ 1887 జూన్ 23న ఆస్ట్రేలియా దేశంలోని విక్టోరియా రాష్ట్రంలో జన్మించారు. తొమ్మిదిమంది బిడ్డలున్న కుటుంబం. స్త్రీలు వైద్యం చదవడం అరుదైన ఆ రోజుల్లో మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయంలో చదివి 1910లో డాక్టరయ్యారు. మెల్‌బోర్న్ నగరంలోనే కంటి వైద్యంలో మంచి పేరు తెచ్చుకున్నారు.

1915లో ఒక చిన్న పుస్తకం ఆమె చేతికి వచ్చింది. అది డాక్టర్ ఆగ్నెస్ మెక్‌లారెన్ అనే స్కాట్లండు వనిత జీవితం. పరదా చాటున ఉండే భారత స్త్రీలు మగ డాక్టరు ముందుకు రాలేక, ఆడ డాక్టరు దొరకక, కాన్పుల్లో బిడ్డలతో సహా ప్రాణాలు కోల్పోతున్నారని అందులో చదివారు. తన పిలుపు ఇదేనని మేరీ నిశ్చయించుకున్నారు. అయినా వెంటనే ఓడ ఎక్కలేదు. వెళ్ళే చోట ఏ విద్య అవసరమో ఆలోచించి, కాన్పులు, స్త్రీల వ్యాధులు, కంటి జబ్బులలో పైచదువు చదివి 1919లో ఎం.డి. పట్టా పుచ్చుకున్నారు. మనసు కరిగితే చాలదు, చేతికి పని రావాలి. ఈ సంగతి గుర్తుంచుకోండి.

1920 ఫిబ్రవరిలో గుంటూరు చేరి, జీసస్ మేరీ జోసఫ్ సభలో ప్రవేశించి, తిరుహృదయ మరియ సిస్టర్ అయ్యారు. కన్యస్త్రీలు వైద్యం చేయడాన్ని అప్పటి శ్రీసభ చట్టం అనుమతించేది కాదు. జగద్గురువులు 15వ బెనెడిక్టు పోపుగారు ఆమెకు ప్రత్యేకంగా అనుమతి ఇచ్చారు. కన్యస్త్రీలందరికీ ఆ తలుపు తెరుచుకున్నది 1936లో మాత్రమే.

సెయింట్ జోసఫ్ ఆసుపత్రిలో చాలా ఏండ్లు ఆమె ఒక్కరే డాక్టరు. పల్లెల నుంచి బండ్ల మీద, మంచాల మీద రోగులు వచ్చేవారు. వచ్చిన వారి కులం, మతం ఆమె అడగలేదు. ఒక్కరి వల్ల అయ్యే పని కాదని గ్రహించి, స్థానిక స్త్రీలకు నర్సు పని, మంత్రసాని పని, మందులు కలిపి ఇచ్చే పని నేర్పారు. 1943లో పదహారుమంది కన్యస్త్రీలతో కలిసి కతోలిక ఆసుపత్రుల సంఘాన్ని స్థాపించారు. నేడు సికింద్రాబాదు కేంద్రంగా ఉన్న ఆ సంఘంలో 3,500కు పైగా సంస్థలున్నాయి. మన దేశంలో కతోలిక వైద్య కళాశాల ఉండాలన్నది ఆమె మరో కోరిక. అది 1963లో బెంగళూరులో సెయింట్ జాన్స్ కళాశాలగా నెరవేరింది. దానిని చూడటానికి ఆమె లేరు. కాన్సరు సోకి, తీవ్రమైన బాధ అనుభవించి, 1957 మే 5న బెంగళూరులో ప్రభువు సన్నిధికి చేరారు. శ్రీసభ 2013లో ఆమెను దైవసేవకురాలిగా ప్రకటించింది.

పాఠకులారా, ఆ 1957వ సంవత్సరం వద్ద కొంచెం ఆగండి. ఆ ఫిబ్రవరి 24న 12వ భక్తినాథ పోపుగారు మత్తు వైద్యులతో మాట్లాడుతూ, వేరే మార్గం లేనప్పుడు నొప్పిని అణచే మందు ఇవ్వడం ధర్మమేననీ, దానివల్ల ఆయుష్షు కొంత తగ్గినా అది చంపడం కిందికి రాదనీ స్పష్టం చేశారు. ఇక్కడ ఉద్దేశం నొప్పి తీర్చడం, ప్రాణం తీయడం కాదు. కారుణ్య మరణానికీ దీనికీ ఉన్న తేడా అదే. బాధను దేవునికి అర్పించడం గొప్ప సంగతే, కాని ఆ అర్పణ రోగి తనంతట తాను చేయాలి. పక్కనున్న మనం అతని పేరున అర్పించి మందు ఆపే హక్కు మనకు లేదు.

ఆ సంవత్సరమే లండనులో సిసిలీ సాండర్స్ అనే నర్సు చదువుకొని డాక్టరయ్యారు. మరుసటి ఏడు నుంచి ఆమె కన్యస్త్రీలు నడిపే సెయింట్ జోసఫ్ సదనంలో, మరణానికి దగ్గరైన రోగుల మధ్య పరిశోధన చేశారు. వేయిమందికి పైగా రోగుల వివరాలు రాసిపెట్టారు. నొప్పి ముదిరాక సూది వేయడం కాక, గడియారం చూసి వేళకు మార్ఫిన్ నోటిద్వారా ఇస్తే నొప్పి అదుపులో ఉంటుందనీ, రోగి ఆ మందుకు బానిస కాడనీ నిరూపించారు. 1967లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ తెరిచి డాక్టర్లకు, నర్సులకు ఈ విద్య నేర్పారు.

ఆ విద్య మన దగ్గరికీ వచ్చింది. 1985 నాటి మత్తుమందుల చట్టం వల్ల మార్ఫిన్ దొరకడం కష్టమైంది. 2014లో చేసిన సవరణ దారి సులువు చేసింది. హైదరాబాదు ఎం.ఎన్.జె. కాన్సరు ఆసుపత్రిలో ఉపశమన చికిత్స విభాగం ఉంది. అక్కడ డాక్టర్లకు, నర్సులకు శిక్షణ ఇస్తున్నారు. తెలంగాణలో కొన్ని జిల్లా ఆసుపత్రులలోనూ ఈ సేవ మొదలైంది.

కనుక మీ ఇంట్లోనో, మీ వాడలోనో అటువంటి రోగి ఉంటే ఊరకే ఉండకండి. ఇంటికి పొమ్మన్న రోజునే నొప్పికి మందు ఎవరిస్తారని అడగండి. నల్లమందు నుంచి తీసిన మాత్ర అని భయపడి దాచేయకండి, డాక్టరు చెప్పిన వేళకు ఇవ్వండి. పుండు కడగడం, మంచం మీద ఒత్తిగిలి పడుకోబెట్టడం, నోరు తడపడం నర్సు దగ్గర నేర్చుకోండి. నర్సింగు చదువుతున్న మీ బిడ్డలను ఈ శిక్షణకు పంపండి. గురువును వ్యాధిగ్రస్తుల అభ్యంగనానికి పిలిచేది, రోగి మాట్లాడగలిగినప్పుడే పిలవండి. గుంటూరు డాక్టరమ్మ జాలితో పాటు విద్యనూ వెంట తెచ్చుకున్నారు. మన రోగులకూ ఆ రెండూ కావాలి.