జాన్ వాన్ నాయ్‌మన్

హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతములు వానకు మొగము వాచిన సీమలు. అచట నొక రైతు తన బోరుబావిని లోతుగా త్రవ్వించినచో, పొరుగువాని బావిలో నీరు తగ్గును. పొరుగువాడు మరింత లోతునకు పోవును. తుదకు ఇరువురును నష్టపోవుదురు. ఎవరి మేలు వారే చూచుకొనునపుడు ఫలితమెట్లుండునో లెక్కగట్టి చెప్పు శాస్త్రమొకటి కలదు. దానికి క్రీడాసిద్ధాంతమని పేరు. ఆ శాస్త్రమునకు పునాది వేసిన మేధావి జాన్ వాన్ నాయ్‌మన్.

ఈయన 1903 డిసెంబరు 28వ తేదీన హంగేరీ దేశమందలి బుడాపెస్టు నగరమున, సంపన్నుడగు బ్యాంకు వ్యవహర్త యింట జన్మించెను. బాల్యముననే ఒకసారి చూచిన పుటను పొల్లుపోక అప్పగించువాడని ప్రతీతి. తండ్రి కోరికపై జ్యూరిచ్ నగరమున రసాయనిక ఇంజనీరింగు చదువుచునే, బుడాపెస్టులో గణితమున 1926లో డాక్టరు పట్టము నందెను.

ఇరువురాడు ఆటలో ఒకని గెలుపే వేరొకని ఓటమి యగునపుడు, ఎదుటివాడెంత నేర్పరియైనను తన నష్టమును ఒక మేర దాటనీయని పద్ధతి ప్రతివానికిని కలదని 1928లో ఆయన నిరూపించెను. 1930లో అమెరికాలోని ప్రిన్స్‌టనుకు పోయెను. 1944లో మార్గెన్‌స్టెర్న్ అను అర్థశాస్త్రవేత్తతో కూడి క్రీడాసిద్ధాంతముపై బృహద్గ్రంథమును వెలువరించెను. ఆదేశములను కంప్యూటరు స్మృతియందే నిలుపు విధానమును 1945లో వివరించెను. అణుబాంబు నిర్మాణమునకును ఆ మేధయే తోడ్పడుట విచారకరము. 1957 ఫిబ్రవరి 8వ తేదీన, 53 ఏండ్ల ప్రాయముననే క్యాన్సరు వ్యాధిచే మరణించెను.

ఆయన జీవించియుండగనే, 1950లో జాన్ నాష్ అను యువకుడు ఈ శాస్త్రమును పెక్కుమంది ఆడు ఆటలకు విస్తరింపజేసెను.

ఈ శతాబ్దపు తొలి దశకమున బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థవారు స్విట్జర్లాండు శాస్త్రజ్ఞులతో కలిసి, ఈ సీమకు పొరుగుననున్న పావగడ తాలూకా చెన్నకేశవపురము పొలములలో నేల చెమ్మను కొలుచు చిన్న పరికరములను నెలకొల్పిరి. ఇట్టి పరికరములు తీగలు లేకయే కబురులు పంపును. వానికి చిన్న బ్యాటరీయే ప్రాణము. ఒకటి బిగ్గరగా పలికినచో పొరుగుదాని మాట వినరాదు; అదియు గొంతు పెంచును. తుదకు అన్నింటి బ్యాటరీలును అడుగంటును. దీనిని నివారించుటకు శాస్త్రజ్ఞులు క్రీడాసిద్ధాంతము నాశ్రయించి మార్గములు కనుగొనిరి. శక్తిని అధికముగా వాడినకొలది లెక్కలో సుంకము పెరుగునట్లు ఏర్పాటు చేయుదురు. అపుడు తన లాభమును చూచుకొను పరికరమే మితముగా పలుకును. అన్నియు చిరకాలము పనిచేయును.

బాలబాలికలారా! తగిన కట్టుబాటు లేనిచో తెలివిగలవారందరును కలిసియే చెడవచ్చును. అది యున్నచో స్వలాభము, లోకహితము ఒకే బాటను నడచును. బావుల నీటికైనను, బ్యాటరీల శక్తికైనను ఈ నీతి యొక్కటే.