దేశీయౌషధ పరిశోధకులు రామనాథ చోప్రా

భారతదేశమున ఓషధులకు కొఱతలేదు. వానిని వర్ణించిన గ్రంథములకును కొఱతలేదు. అయినను, ఇరువదవ శతాబ్ది తొలిదశకములలో ఇచటి వైద్యశాలలు పెక్కు మందులకై విదేశములపై ఆధారపడియుండెను. ఈ పరాధీనతను తొలగించుటకు శాస్త్రీయమార్గమును చూపినవారిలో అగ్రగణ్యులు సర్ రామనాథ చోప్రా.

చోప్రాగారు 1882లో, నేడు పాకిస్తానునందున్న గుజరాన్‌వాలాలో జన్మించిరి. కేంబ్రిడ్జిలో వైద్యవిద్య నభ్యసించి, డిక్సను పండితునికడ ఔషధప్రభావశాస్త్రమును నేర్చి, ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరిరి. 1921లో కలకత్తా ఉష్ణమండల వైద్యవిద్యాలయమున ఆ శాస్త్రమునకు ఆచార్యులైరి.

ప్రాచీనులు చెప్పినదెల్ల సత్యమని వారు తలంపలేదు, పరీక్షింపకయే త్రోసివేయనులేదు. మొక్కను సరిగా గుర్తించుట, అందలి రసాయనద్రవ్యమును వేఱుపఱచుట, జంతువులపై దాని ప్రభావమును పరిశీలించుట, పిమ్మట రోగులకిచ్చి చూచుట—ఇది వారి పద్ధతి. దేశీయౌషధములపై 1933లో వెలువడిన వారి గ్రంథమున మూఁడు లక్ష్యములు కానవచ్చును: ఔషధములందు దేశము స్వయంపోషకము కావలెను, ఆయుర్వేద యునానీ వైద్యములందలి మేలైన మందులను పరీక్షించి గ్రహింపవలెను, అవి బీదలకు అందుబాటు వెలలో లభింపవలెను.

మందులలోని కల్తీని విచారించుటకై 1930లో ఏర్పడిన సంఘమునకు వారే అధ్యక్షులు. ఆ సంఘపు సూచనలే 1940 నాటి ఔషధశాసనమునకు మూలమైనవి. కలకత్తా కొలువు ముగిసిన పిదప జమ్మూలోని ఔషధపరిశోధనశాలను పెంపొందించిరి.

మొక్కను గుర్తించుట భాషావేత్తలకును సంబంధించిన పని. ‘పునర్నవ’ యను పేర బోర్హావియా, ట్రయాంథిమా యను వేఱువేఱు మొక్కలు అంగడికి వచ్చును. తెలుగున ‘గలిజేరు’ అను పదమును రెండింటికిని వాడుదురు. పేరు తప్పినచో పరిశోధనయు తప్పును. 1956లో నాయర్, ఐ. సి. చోప్రాలతో కలిసి ప్రకటించిన ఓషధీకోశమున శాస్త్రనామములకు దేశభాషానామములను జోడించుట ఇందువలననే ప్రయోజనకరమైనది.

వారి కృషికి గల రెండవ ముఖమును సర్పగంధి తెలుపును. దీని వేరునందలి ద్రవ్యము జంతువులలో రక్తపుపోటును తగ్గించునని 1933లో చోప్రాగారును వారి సహచరులును నిరూపించిరి. 1952లో స్విట్జర్లాండు రసాయనజ్ఞులు దానినుండి రిసెర్పిన్‌ను వేఱుపఱచిరి, గిరాకి పెరిగెను. వేరు త్రవ్విన మొక్క బ్రదుకదు. అడవులలో సర్పగంధి అరుదై, 1990లో అంతర్జాతీయ వాణిజ్యనియంత్రణకు లోనయ్యెను. ఓషధులను సేకరించుటతో తృప్తిపడక సాగుచేయవలెనని చోప్రాగారు ఏల చెప్పిరో దీనివలన స్పష్టమగును.

1973లో వారు దివంగతులైరి. ఓషధి దేశమునకు సంపద కావలెనన్న దాని పేరు నిశ్చితము, గుణము పరీక్షితము, మొక్క సురక్షితము కావలెను. ఇందు మొదటి రెండింటికి వారు బలమైన పునాది వేసిరి. మూఁడవది తరువాతితరములవారి బాధ్యతగా మిగిలినది.