గణితకవి పావులూరి మల్లన

రాజరాజనరేంద్రుఁడు 1022వ సంవత్సరమున సింహాసన మెక్కి రాజమహేంద్రవరము నేలెను. ఆ ప్రభువు కోరికపై నన్నయభట్టు మహాభారతమును తెనిఁగింప నారంభించిన సంగతి మన విద్యార్థు లెల్లరు నెఱిఁగినదే. మన కోనసీమ కెగువనున్న ఆ గోదావరీతీరముననే తెలుఁగుభాష లెక్కలు చెప్పుటకుఁ గూడఁ బూనుకొన్నదని యెఱిఁగినవారు మాత్రము తక్కువ. ఆ పని చేసినవాఁడు పావులూరి మల్లన.

ఇతని యింటిపేరు కమ్మనాఁటిలోని పావులూరు గ్రామమునుండి వచ్చినది. రాజరాజనరేంద్రుఁడు పిఠాపురము చెంత నవఖండవాడ యను నగ్రహారమును మల్లన కిచ్చెనని వంశవర్ణన చెప్పుచున్నది. ఆ దానమందిన మల్లనయే గ్రంథకర్తయా, లేక తాతపేరు పెట్టుకొన్న మనుమఁడు గ్రంథకర్తయా యని పండితులు చాలకాలము వాదించిరి. మనుమఁడే యన్నచో గ్రంథము కొంత వెనుకటి తరమునకుఁ జెందును. ఎట్లయినను తెలుఁగు శాస్త్రగ్రంథములలో ఇది మొదటిదిగా నెన్నఁబడుచున్నది.

దీనికి మూలము మహావీరాచార్యుఁడు సంస్కృతమున రచించిన గణితసారసంగ్రహము. ఆయన జైనుఁడు, 9వ శతాబ్దమున రాష్ట్రకూటరాజగు అమోఘవర్షుని కాలమువాఁడు. నేఁడు కళాశాలలో నడుగిడిన విద్యార్థి పరిమితగణితమున మొట్టమొదట నేర్చుకొను సంయోగముల సూత్రమును, ఎన్ని వస్తువులకైనను వర్తించునట్లు, ఆయన ఆనాఁడే చెప్పెను. ఆఱు రుచులను ఎన్నివిధములఁ గలుపవచ్చునని ఆయన యడిగిన ప్రశ్న ఉగాదిపచ్చడి తినెడి మనకుఁ గ్రొత్తది కాదు. మూఁడేసి రుచులు కలుపవలెనన్నచో 6, 5, 4లను హెచ్చించి, 1, 2, 3ల లబ్ధముచే భాగింపవలెను, 20 వచ్చును. ఒక్కొక్కటిగా 6, రెండేసి 15, మూఁడేసి 20, నాలుగేసి 15, ఐదేసి 6, అన్నియుఁ గలిపి 1. మొత్తము 63.

మల్లన ఈ గ్రంథమును మాటకు మాట తెలిఁగింపలేదు. కొంత సంక్షేపించెను, శైవుఁడగుటచే జైనమునకు సంబంధించిన యుదాహరణములను శివపరముగా మార్చెను. తర్జుమాయే కదా యని చులకన చేయువారు కలరు. అది న్యాయము కాదు. కథను పద్యముగా వ్రాయువాఁడు ఒక మాటకు బదులు మఱియొక మాట వేసికొనవచ్చును. లెక్కలో 7కు బదులు 8 వేయరాదు. యతిప్రాసలు తప్పరాదు, అంకెయుఁ దప్పరాదు.

చదరంగపు గడుల లెక్కను జూడుఁడు. మొదటి గడిలో ఒక గింజ, రెండవదానిలో రెండు, మూఁడవదానిలో నాలుగు, ఇట్లు 64 గడులు నింపినచో మొత్తమెంత? ఏ గడివఱకుఁ గూడినను మొత్తము తరువాతి గడిలోని గింజలకంటె ఒకటి తక్కువగా నుండును. కాఁబట్టి 65వ గడి యున్నదనుకొని, దానిలోని గింజలు కనుఁగొన్నఁ జాలును. 2ను దానితోడనే హెచ్చింప 4. అట్లే 16, 256, 65536, 4294967296. మఱియొకసారి హెచ్చించి ఒకటి తీసివేసిన 18446744073709551615 వచ్చును. ఆఱే హెచ్చవేతలు! కూడికతో బయలుదేఱిన బాలుఁడు ఏ ముప్పదవ గడియొద్దనో పలక విసరివేయును.

ఈ యిరువదియంకెల సంఖ్య నంతటిని మల్లన పేర ప్రసిద్ధమైన ఒక్క పద్యము మోయుచున్నది. అందు అంకెలకు బదులు వస్తువుల పేర్లుండును: చంద్రుఁ డొక్కఁడే కనుక 1, వేదములు 4, మన్మథుని బాణములు 5, ఆకాశము శూన్యము కనుక 0. ఒకట్లస్థానమునుండి ఎడమకు నడువవలెను. ఒక పేరు జాఱినచో పద్యము కుంటుపడి తప్పును దానే పట్టియిచ్చును. ఆకు లేక గంటము లేక పొలముగట్టుపై నిలిచిన కరణమునకు సైతము ఆ సంఖ్య నోటనే యుండును. తాళపత్రములను చెదలు తినినను, నోటికి వచ్చిన పద్యమును చెదలు తినలేదు.