అణా టిఫిన్ పెట్టిన త్యాగరాయ చెట్టి

చీరలకో నగలకో చెన్నై టీ నగర్ వెళ్లని తెలుగు ఇల్లు అరుదు. ఆ పేట అసలు పేరు త్యాగరాయ నగర్ అనీ, ఆ త్యాగరాయ మన తెలుగువారేననీ మా పిల్లల్లో చాలామందికి తెలియదు. బడిలో తాము తినే భోజనానికి ఆయనతో సంబంధం ఉందంటే ఇంకా ఆశ్చర్యపోతారు.

పిట్టి త్యాగరాయ చెట్టి 1852లో తెలుగు మాట్లాడే దేవాంగుల ఇంట పుట్టారు. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదివారు. పెద్ద చదువు చదివినా నేతను వదలలేదు, మగ్గాలు నడిపించారు. 1882 నుంచి సుమారు నలభై ఏళ్లు నగర కార్పొరేషన్‌లో పనిచేసి, అధ్యక్షులు కూడా అయ్యారు. 1916లో జస్టిస్ పార్టీని స్థాపించిన ముఖ్యుల్లో ఒకరు. 1920 ఎన్నికల్లో పార్టీ గెలిచాక ముఖ్యమంత్రి పదవి తనంతట తానే వచ్చినా వద్దన్నారు.

థౌజండ్ లైట్స్‌లోని కార్పొరేషన్ బడికి వచ్చేది పేద పిల్లలే. పేదరికం వల్ల బడిలో పిల్లల సంఖ్య పెరగడం లేదు. ఒక్కొక్కరికి రోజుకు అణాకు మించకుండా ఖర్చుపెట్టి టిఫిన్ ఇవ్వాలని 1920లో ఆయన అధ్యక్షతన కార్పొరేషన్ తీర్మానించింది. తర్వాత మరో నాలుగు బడులకు ఆ ఏర్పాటు విస్తరించింది. ఆ బడుల్లో 1922-23లో 811 మంది ఉంటే, 1924-25 నాటికి 1671 మంది అయ్యారు. రెండేళ్లలో రెట్టింపు!

అయినా ఆ పొయ్యి ఎక్కువ కాలం వెలగలేదు. ప్రాథమిక విద్యా నిధిని తిండికి వాడకూడదని నాటి ప్రభుత్వం అడ్డుచెప్పింది. 1925 ఏప్రిల్ 1న పథకం ఆగింది. అదే నెల 28న త్యాగరాయ చెట్టి కన్నుమూశారు.

ఆయన మొదలుపెట్టిన ఆలోచన మాత్రం ఆగలేదు. 1956లో కామరాజ్, 1982లో ఎం.జి.ఆర్. దాన్ని తమిళనాడు అంతటికీ తీసుకెళ్లారు. 2001లో సుప్రీంకోర్టు ఆదేశంతో వండిన భోజనం దేశమంతటా ప్రాథమిక బడుల పిల్లల హక్కయింది. ఈ పథకంలో ప్రాథమిక తరగతుల బిడ్డకు పూటకు 450 కేలరీలు, 12 గ్రాముల మాంసకృత్తులు అందాలని లెక్క కూడా ఉంది.

లెక్క కాగితం మీద ఉంటే చాలదని మాకు తెలుసు. పొద్దున ఏమీ తినకుండా వచ్చిన బిడ్డ రెండో పీరియడ్‌కే బల్ల మీద తల వాల్చేస్తుంది. పప్పు నీళ్లలా ఉన్న రోజు కడుపు నిండుతుందేమో గానీ ఒంటికి పట్టదు. వయసుకు తగ్గ బరువు లేని బిడ్డ మా కళ్లముందే చిక్కిపోతుంది. కొన్ని ఇళ్లలో ఐదు రూపాయల చిప్స్ పొట్లమే సాయంత్రం తిండి.

అందుకే తల్లిదండ్రులకు మా మనవి: మార్కులు అడిగినట్టే పళ్లెంలో ఏం పడిందో కూడా అడగండి. బడి కమిటీ సమావేశానికి వచ్చి కూర రుచి చూడండి. మూడు నెలలకోసారి బరువు, ఎత్తు మేం రాసిపెడతాం, మీరు వచ్చి చూడండి. పిల్లల అన్నం ఒక్క అభ్యంతరంతో ఆగిపోయిన రోజు మన చరిత్రలోనే ఉంది. అడిగేవాళ్లు ఉంటేనే ఆ పొయ్యి వెలుగుతూ ఉంటుంది.