పక్షిమిత్రుడు సలీం అలీ

హిందూపురమునకు చేరువనున్న లేపాక్షి ఒక పక్షి కథతో ముడివడిన క్షేత్రము. రావణునితో పోరాడి నేలకొరిగిన జటాయువును శ్రీరాముడు ఇచ్చటనే లెమ్మని పలికెనని స్థలపురాణము. ఆ ప్రాంతముననే, చిలమత్తూరు మండలమందు, వీరాపురమను పల్లె యున్నది. ఏటేట ఎఱ్ఱకాళ్ల కొంగలు ఆ పల్లెకు వచ్చి, చింతచెట్లపై గూళ్లు కట్టి, పిల్లలను పెంచి, మరల వెడలిపోవును. గ్రామస్థులు వానిని పుట్టింటికి వచ్చిన ఆడపడుచులవలె ఆదరింతురు. పంచాంగ మెరుగని ఆ పక్షులకు సమయము నెవరు తెలుపుదురు? గూడు కట్టుమని, గ్రుడ్లు పొదుగుమని వానిని ప్రేరేపించున దేది? పక్షుల నడవడిని గూర్చిన యిట్టి ప్రశ్నలకే తన జీవితమును ధారపోసిన మహనీయుడు డాక్టర్ సలీం అలీ.

సలీం అలీ 1896 నవంబరు 12వ తేదీన బొంబాయి నగరమున జన్మించెను. తల్లిదండ్రుల సంతానములో ఆయనయే కడపటివాడు. మూడేండ్లు నిండునప్పటికే తల్లిదండ్రులు గతించిరి. మేనమామ అమీరుద్దీన్ తయ్యబ్జీ ఆ బాలుని పెంచి పెద్దచేసెను. ఒకనాడు సలీం బొమ్మతుపాకితో ఒక పిచ్చుకను కొట్టెను. చేతికి తీసుకొని చూడగా దాని కంఠమున పసుపుపచ్చని మచ్చ కనబడెను. అట్టి పిచ్చుకను అతడెన్నడును చూచియుండలేదు. మేనమామ అతనిని బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘ కార్యదర్శియైన మిల్లర్డు దొరకడకు పంపెను. ఆ దొర పిచ్చుక జాతిని గుర్తించి చెప్పుటయే గాక, సంఘమువారు భద్రపరచిన పక్షుల నన్నింటిని చూపెను. ప్రాణము తీసిన చేతితోనే ఆ బాలుడు పక్షిశాస్త్రపు తలుపు తట్టెను.

యౌవనమున ఆయన బర్మాలో గనుల వ్యాపారము చేసెను గాని మనస్సు పక్షులమీదనే యుండెను. 1918లో తెహమీనాను వివాహమాడెను. 1926లో బొంబాయి ప్రదర్శనశాలలో వివరణకర్తగా ఉద్యోగము లభించెను. తరువాత జర్మనీ కేగి, బెర్లిన్ నగరమున స్ట్రెసెమన్ అను సుప్రసిద్ధ పక్షిశాస్త్రజ్ఞుని యొద్ద శిక్షణ పొందెను. కాని 1930లో స్వదేశమునకు మరలివచ్చునప్పటికి, ధనాభావముచే ఆ ఉద్యోగము తీసివేయబడియుండెను. విశ్వవిద్యాలయ పట్టము లేనివానికి మరియొక కొలువు దొరకలేదు. దంపతులు బొంబాయికి ఎదుట సముద్రతీరమున నున్న కిహీం గ్రామమునకు చేరిరి.

నిరుద్యోగమే ఆయనకు వరమైనది. ఇంటి సమీపమున గిజిగాండ్లు గూళ్లు అల్లుచుండెను. మనదేశమున ఈ పిట్టల నెరుగని పల్లెవాసి లేడు. తాటాకులకు, తుమ్మకొమ్మలకు వ్రేలాడు వాని గూళ్ల నందరును మెచ్చుకొనిరి. అయినను, వాని సంసారము నడచు తీరును ఎవరును నిలిచి చూడలేదు. సలీం అలీ చాటున కూర్చుండి దినముల తరబడి ప్రతి పక్షి రాకపోకలను వ్రాసికొనెను. మగపక్షి గూటిని సగము మాత్రమే అల్లి ఆగును. ఆడపక్షులు వచ్చి గూళ్లను పరీక్షించును. ఏదైన నచ్చినచో ఆ పక్షి అందు కాపురముండును. అప్పుడే మగపక్షి పొడవైన ద్వారమును అల్లి గూటిని ముగించును. ఆపైన మరియొక గూటిని ఆరంభించి మరియొక ఆడపక్షికై ఎదురుచూచును. పొదుగుభారము ఆడపక్షిదే. 1931లో ప్రకటింపబడిన ఈ పరిశోధన ఆయన పేరును శాస్త్రలోకమున నిలిపెను.

గిజిగాని శరీరములో ఈ క్రమమును నడుపు శక్తి యేది? ఈ ప్రశ్నకు ఉత్తరమును ఇతర శాస్త్రజ్ఞులు అంచెలంచెలుగా కనుగొనిరి. జర్మనీలో బెర్తోల్డు అను పండితుడు 1849లోనే కోడిపుంజుల బీజగ్రంథులను తొలగించి చూచెను. తొలగించినంతట కూతయు, కయ్యమును తగ్గెను. ఒక గ్రంథిని కడుపులో మరల ఉంచగా పుంజు పూర్వమువలె కూసెను. దీనివలన రక్తముద్వారా ఏదియో పదార్థము శరీరమంతట ప్రవహించుచున్నదని తేలెను. అట్టివే హార్మోనులు. కెనడాలో రోవన్ అను శాస్త్రజ్ఞుడు 1920 ప్రాంతపు దశకమున, చలికాలమందు దీపపు వెలుతురుతో పక్షులకు పగటిని పొడిగించి, వాని బీజగ్రంథులు పెరుగుటను చూచెను.

పగలు పెరిగినప్పుడు వెలుతురు కపాలముగుండా కూడ పక్షి మెదడునకు చేరును. మెదడు పీయూషగ్రంథిని, ఆ గ్రంథి బీజగ్రంథులను మేల్కొల్పును. వానినుండి వెలువడిన హార్మోనులు మరల మెదడును చేరి పాటకు, గూడు కట్టుటకు ప్రేరేపించును. మనవంటి ఉష్ణదేశమున వానలును, ఆహారసమృద్ధియు కూడ సూచనలే. పొదుగువేళ ప్రోలాక్టిన్ అను హార్మోను పక్షిని గ్రుడ్లకడ నిలుపును. అట్లని పక్షి కేవలము హార్మోనులకు బానిస కాదు. మగపావురపు వలపుచేష్టలను చూచినంతనే ఆడపావురపు శరీరమున హార్మోనులు పెరుగునని తరువాతి పరిశోధనలు తెలిపెను. లోపలి రసాయనము నడవడిని మార్చును. నడవడి ఆ రసాయనమును మార్చును. కనుకనే, బయటి నడవడిని ఓర్పుతో చూచి వ్రాసిన సలీం అలీవంటివారి కృషి లేనిదే లోపలి రహస్యము పూర్తిగా బోధపడదు.

ఆపైన ఆయన, ఖర్చులు మాత్రమిచ్చినచో జీతము లేకయే పనిచేయుదునని సంస్థానములకు తెలిపెను. 1931-32లో హైదరాబాదు సంస్థానమందలి పక్షుల నట్లే పరిశీలించెను. గుడారములలో, అడవులలో తెహమీనా ఆయనకు తోడునీడయై యుండెను. 1939లో ఆమె మరణించుటతో ఆయన క్రుంగిపోయినను పనిని విడువలేదు. 1941లో భారతీయ పక్షులను గూర్చిన గ్రంథమును ప్రకటించెను. రిప్లే అను పండితునితో కలసి వ్రాసిన పది సంపుటముల మహాగ్రంథము 1968 మొదలు 1974 వరకు వెలువడెను. 1976లో పద్మవిభూషణ బిరుదము లభించెను. 1985లో రాజ్యసభకు నియమింపబడెను.

1900 తరువాత ఎవరికిని కనబడని కలివికోడి 1986లో కడప జిల్లాలో మరల దొరికెను. దానిని కనుగొన్నది సలీం అలీ జీవితాంతము సేవించిన సంఘమే. ఆ శుభవార్తను విని, మరుసటి సంవత్సరమే ఆయన కన్నుమూసెను.

పిచ్చుకను నేలకూల్చిన బాలుడు పక్షులకు ప్రాణమిత్రుడయ్యెను. కొలువు పోయిన దినములను వృథా పుచ్చక, అందరి కన్నులయెదుట నున్నదానినే ఆయన శ్రద్ధతో చూచెను. వీరాపురపు చింతకొమ్మపై గూడు కట్టుకొను కొంగయు, పొలముగట్టున గూడల్లు గిజిగాడును అట్టి శ్రద్ధతో చూచువారికే తమ రహస్యమును తెలుపును.